ఒంగోలు గాలి: డబ్బా చూసిన పొగ, చూడలేని దుమ్ము

ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లకు దుమ్ము గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. చీమకుర్తి క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు మోసుకొచ్చే ట్రాలీలు, కంకర టిప్పర్లు, వాటి వెనక బస్సులు, ఆటోలు, అన్నిటికీ అదే దారి. అలాంటి చోట గోడకు బిగించిన, గాలిలో ధూళి కొలిచే చవక సెన్సర్ పీఎం10 (10 మైక్రాన్ల లోపు ధూళి; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరవాలేదని చెబుతూ వచ్చింది. అదే రోజుల్లో లాయర్‌పేట లోపలి వీధిలో, టిప్పర్ అడుగు పెట్టని చోట బిగించిన ఇంకోటి అంతకంటే ఎక్కువ చూపించింది. ఈ ప్రాజెక్టంతా ఆ తేడా చుట్టూనే నడిచింది.

చవక సెన్సర్లతో ఊరి గాలి కొలవాలనుకునే కాలేజీలు, కాలనీ సంఘాలు, మున్సిపాలిటీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అనుకోవడం మంచిదే. కాకపోతే ఈ పరికరం దేన్ని కొలవగలదో, దేన్ని కొలవలేదో తెలియకుండా స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగు చూపిస్తే, దుమ్ము తింటున్న మనిషికి "నీకేం కాలేదు" అని చెప్పినట్టవుతుంది. గాలి కొలతలే వృత్తిగా బతుకుతున్నవాడిగా నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే సంగతి అది.

ఏం అడిగారు

నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ 2019 జనవరిలో మొదలైంది. గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి మొదట గుంటూరు, కర్నూలు, నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. తర్వాత ఒంగోలుతో సహా మరో ఎనిమిది చేరి మొత్తం 13 అయ్యాయి. ఈ కార్యక్రమంలో నగరం మెరుగుపడిందా లేదా అని తేల్చే కొలబద్ద పీఎం10. 2017-18తో పోలిస్తే 2025-26 నాటికి 40 శాతం వరకు తగ్గించాలన్నది సవరించిన లక్ష్యం.

పీఎం10ను పాత పద్ధతిలో, మాన్యువల్ స్టేషన్‌లో ఎలా కొలుస్తారంటే, వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు, గాలిని ఫిల్టర్ గుండా పీల్చి, ఫిల్టర్ బరువు ముందూ వెనకా తూస్తారు. చాలా నమ్మదగ్గ పద్ధతి. అయితే వచ్చేది ఒక చోటి సంగతి, రోజంతటి సగటు. ఏ వీధిలో, ఏ గంటకు అని అడిగితే జవాబు రాదు. గంటగంటకూ కొలిచే పూర్తి స్థాయి స్టేషన్ పెట్టాలంటే కోటి రూపాయల మాట. వీధికొకటి పెట్టడం ఎవరి వల్లా కాదు.

నన్ను పిలిచినవాళ్లు ఊళ్లోని కొందరు డాక్టర్లు, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్లు, కర్నూలు రోడ్డు మీదున్న ఒక స్కూలు పిల్లల తల్లిదండ్రులు. డబ్బు వాళ్లే వేసుకున్నారు. అడిగినవి రెండు. లారీల దుమ్ము పిల్లలకు ఎంత చేటు చేస్తోంది? రాత్రిపూట ఊళ్లో ముక్కుకు తగిలే పొగ ఎక్కడిది? రెండూ గాలికి సంబంధించినవే అయినా కొలత దృష్టితో చూస్తే రెండూ వేర్వేరు లోకాలు. మొదటిది ముతక దుమ్ము, రెండోది సన్నటి పొగ. ఒకే డబ్బాతో రెండూ తేలవని మొదటి సమావేశంలోనే చెప్పి, సెన్సర్లతో పాటు ఫిల్టర్ శాంప్లర్ (గాలిని ఫిల్టర్ గుండా పీల్చే యంత్రం) ఒకటి అద్దెకు తేవాలని పట్టుబట్టాను. అద్దె ఎక్కువని కొందరు ఇబ్బంది పడ్డారు. చివరికి ఈ ప్రాజెక్టును నిలబెట్టింది ఆ శాంప్లరే.

డబ్బా లోపల

ప్లాంటవర్, సెన్సిరియన్, నోవా లాంటి కంపెనీల పేర్లతో మార్కెట్లో దొరికే చవక ధూళి సెన్సర్లన్నిటిదీ ఒకటే సూత్రం. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. లోపల లేజర్ వెలుతురు ఉంటుంది. పెంకుల సందులోంచి పడే ఎండలో ధూళి మెరిసినట్టు, లేజర్ దారిలోకి వచ్చిన కణం వెలుగును చెదరగొడుతుంది. ఆ మెరుపును ఫొటోడయోడ్ పట్టుకుంటుంది. మెరుపును బట్టి కణాలెన్నో, వాటి పరిమాణమెంతో, బరువెంతో కంపెనీ వాళ్ల లెక్క ప్రకారం అంచనా కట్టి మనకు అంకె ఇస్తుంది. అంటే ఈ పరికరం బరువు తూచదు. వెలుగు చూసి బరువు ఊహిస్తుంది. దీని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

మా ఒక్కో డబ్బాలో అలాంటి సెన్సర్లు రెండేసి పెట్టాం. రెండూ ఒకే మాట చెప్పినప్పుడే ఆ అంకెను తీసుకుంటాం. తేడా వస్తే ఆ గంట కొట్టేస్తాం. వాటితో పాటు తేమ, వేడి చూసే చిప్, ఈఎస్‌పీ32 బోర్డు (డబ్బాను నడిపే చిన్న కంప్యూటర్), 4జీ సిమ్, ఎస్‌డీ కార్డు, టైము తప్పకుండా ఉండటానికి విడిగా గడియారం చిప్. సిగ్నల్ పోయినా కార్డులో డేటా ఉంటుంది. కొన్ని మోడళ్ల లేజర్ ఆయుష్షు 8,000 గంటలే. ఆపకుండా నడిపితే 11 నెలల్లో తీరిపోతుంది. అందుకని ఐదు నిమిషాలకొకసారి లేచి, ఒక నిమిషం కొలిచి, మళ్లీ నిద్రపోయేలా ప్రోగ్రాం రాశాం.

బ్యాటరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ఖర్చు కింద కొట్టేస్తారు. బజారులో కరెంటు పోగానే షాపుల ముందు డీజిల్ జనరేటర్లు మొదలవుతాయి. ఆ వీధిలో పొగ ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ గంటలోనే. సెన్సర్ కేవలం కరెంటు మీద నడిస్తే ఆ గంట డేటాలో ఉండదు. అప్పుడు నెల సగటు చూసినవాళ్లకు గాలి ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. పోయిన డేటా అన్ని గంటల్లోనూ సమంగా పోదు, చెడ్డ గంటల్లోనే ఎక్కువ పోతుంది. లిథియం సెల్స్ పెట్టడానికి అయ్యే ఖర్చు దీని ముందు లెక్కలోది కాదు.

ఎక్కడ బిగించాం

కర్నూలు రోడ్డు స్కూలు, అద్దంకి బస్టాండ్, ట్రంకు రోడ్డు, లాయర్‌పేట, మంగమూరు రోడ్డు, హైవే పక్కన త్రోవగుంట, కొత్తపట్నం బస్టాండ్ ప్రాంతం. వీటికి తోడు ఊరికి దూరంగా, సముద్రం వైపు కొత్తపట్నం దారిలో పొలాల మధ్య ఒక ఇంటి డాబా మీద ఒకటి. ఈ చివరిది అనవసరమని అందరూ అన్నారు. ఊరి బయటి గాలి ఎలా ఉందో తెలియకుండా ఊరి లోపల ఎంత కలిసిందో చెప్పలేం కాబట్టి దాన్ని వదులుకోలేదు.

ఎత్తు మూడు మీటర్ల చుట్టుపక్కల. ఏసీ వేడిగాలి, వంటింటి చిమ్నీ, హోటల్ పొయ్యి దగ్గరగా ఉండకూడదు. గోడ మూలల్లో గాలి ఆడదు, అక్కడా పనికిరాదు. కాగితం మీద ఇవన్నీ తేలిక. ఊళ్లో గోడ ఇచ్చేది మనుషులు కాబట్టి వాళ్ల రోజు ఎలా గడుస్తుందో కూడా తెలుసుకోవాలి. ఒక కిరాణా షాపు దగ్గర రోజూ సందెవేళ ఒక పావుగంట అంకె ఆకాశానికి ఎక్కేది. షాపాయన్ని అడిగితే, "దీపాల ఏళకి సాంబ్రాణి ఏస్తా గదా సార్. అది గూడా పట్టుద్దా దానికి?" అన్నాడు. పూజ మానమని అడగకుండా డబ్బాను పక్క మేడ పిట్టగోడకు మార్చాం.

అద్దంకి బస్టాండ్ దగ్గర టీ కొట్టు ఆయనకు ఇంకో అనుమానం.

"ఏంది సార్ ఇది, కెమెరా గాదు గదా?"

"కాదన్నా. గాల్లో పొగెంతుందో చూసే మిషను."

"మరి లోపల ఎర్ర లైటు ఎందుకు ఎలగతా ఉండాది?"

ఆ ప్రశ్న ప్రతి చోటా వచ్చింది. బయటికి కనిపించే లైట్లకు నల్ల టేపు వేసి, డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో స్టిక్కర్ అంటించాం: ఇది కెమెరా కాదు, ఫొటో తీయదు, మాటలు వినదు, గాలిలో పొగ, ధూళి కొలుస్తుంది. తర్వాత ఎవరూ డబ్బా విప్పలేదు. కాపలా కూడా వాళ్లే కాశారు. లోపల మట్టి గూడు కట్టిన కందిరీగలు, దూరిన చీమలు, బల్లులు మాత్రం స్టిక్కర్ చదవవు కాబట్టి గాలి వెళ్లే దారికి సన్న జాలీ వేసి, నెలకోసారి విప్పి బ్రష్‌తో దులిపే పని పెట్టుకున్నాం.

గోడలకు ఎక్కించకముందు డబ్బాలన్నిటినీ ఒకే మేడ మీద పక్కపక్కన కొన్ని వారాలు నడిపాం. అన్నీ ఒకే గాలి పీలుస్తున్నాయి కాబట్టి ఒకే అంకె చూపించాలి. ఒకటి రెండు ఎప్పుడూ మిగతావాటికంటే ఎక్కువ చూపేవి. ఆ తేడాను రాసిపెట్టుకుని ఒక్కోదానికి సవరణ ఇచ్చాం. ఈ మెట్టు దాటేసి నేరుగా వీధుల్లో పెడితే, రెండు వీధుల మధ్య కనిపించే తేడా వీధిదో డబ్బాదో జన్మలో తేలదు. ఒక డబ్బాను ఎక్కడా స్థిరంగా బిగించకుండా, నెలనెలా ఒక్కో చోటికి తీసుకెళ్లి అక్కడున్న దాని పక్కన వారం ఉంచడానికి అట్టిపెట్టాం. లెన్సు మీద దుమ్ము పేరుకుని, ఫ్యాన్ నీరసించి సెన్సర్ మెల్లగా దారి తప్పడం దాంతో పట్టుబడుతుంది.

తేమ చేసే మాయ

తుఫాను కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, జల్లు పడే తెల్లవారుజాముల్లో సవరించని పచ్చి డేటా చూస్తే ఊరు పొగలో మునిగినట్టుంటుంది. అదే రోజు శాంప్లర్ లోంచి తీసిన ఫిల్టర్ దాదాపు తెల్లగా ఉంటుంది. వాన గాలిని కడిగేసింది, ఫిల్టర్ ఆ నిజమే చెబుతోంది. సెన్సర్‌కు కనిపించింది నీళ్లు తాగి ఉబ్బిన కణాలు, వాటితో పాటు మంచు తుంపర్లు.

సముద్రపు ఉప్పు కణం గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుని బిందువైపోతుంది. సల్ఫేట్ కణాలకు అది 80 శాతం దగ్గర. ఒంగోలుకు సముద్రం దగ్గర. రాత్రి తేమ ఆ హద్దులు దాటడం రోజువారీ సంగతి. ఖరీదైన స్టేషన్లలో గాలి లోపలికి వచ్చే గొట్టాన్ని కొద్దిగా వేడి చేసి తేమ తగ్గిస్తారు. చవక డబ్బాలో ఆ ఏర్పాటు లేదు. కణం ఉబ్బితే వెలుగు ఎక్కువ చెదురుతుంది, బరువు పెరిగినట్టు అంకె పెరుగుతుంది.

దీనికి వాడే సవరణ ఒకటుంది. కణాలు నీటిని పీల్చే గుణానికి ఒక గుణకం పెట్టుకుని, దాన్ని 1.65తో భాగించి, ఆ గంటలోని తేమను బట్టి ఉబ్బు ఎంతో లెక్కిస్తారు. గుణకం 0.4 అనుకుందాం. తేమ 50 శాతం ఉంటే సెన్సర్ అంకెను 1.24తో భాగించాలి. 80 శాతం ఉంటే 1.97తో, 90 శాతం ఉంటే 3.18తో. అంటే రాత్రి తేమ పెరిగితే చాలు, గాలిలో రవ్వంత పొగ కలవకుండానే అంకె రెట్టింపు, మూడింతలు కాగలదు. రాత్రి కాలుష్యం మీద ఆ మధ్య కొన్ని ఊళ్ల నుంచి వచ్చిన గ్రాఫులు చూస్తే నాకు ముందుగా వచ్చే ప్రశ్న, తేమ సవరణ చేశారా అనే.

ఇందులోనే ఇంకో మెలిక. కట్టె పొగకు నీటిని పీల్చే గుణం బాగా తక్కువ. గుణకం 0.1 అనుకుంటే 80 శాతం తేమ దగ్గర భాగించాల్సింది 1.24తోనే. సముద్రపు ఉప్పుకు గుణకం 1 చుట్టుపక్కల ఉంటుంది. తూర్పు గాలి వీచే రోజుకూ, కట్టెల పొగ కమ్మిన రాత్రికీ ఒకే సవరణ పెడితే ఒకదాన్ని తగ్గించి, ఇంకోదాన్ని పెంచి చూపిస్తాం. అందుకని ఏడాదిని కాలాలుగా విడగొట్టి, ప్రతి కాలంలోనూ ఫిల్టర్ బరువుతో సరిపోయే గుణకాన్ని విడిగా తీసుకున్నాం.

అమెరికా పర్యావరణ సంస్థ వాళ్లు పర్పుల్ ఎయిర్ సెన్సర్లకు ఇచ్చిన సూత్రాన్ని నేరుగా వాడేయొచ్చు కదా అని ఒక లెక్చరర్ గారు అడిగారు. సెన్సర్ అంకెను 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలపాలి. సెన్సర్ 100 చూపి తేమ 70 ఉంటే సవరించాక 52 వస్తుంది. ఆ దేశపు గాలికి, ఆ దేశపు కణాలకు కట్టిన లెక్క అది. మన గాలిలోని ఉప్పు, కట్టె పొగ, రాతి దుమ్ము ఆ అంకెల్లో లేవు. ఏ ఊరి సూత్రం ఆ ఊళ్లోనే ఫిల్టర్ పక్కన పెట్టి కట్టుకోవాలి.

ఫిల్టర్ పని ఓపికతో కూడింది. శాంప్లర్ నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీలుస్తుంది. 24 గంటలకు 24 ఘన మీటర్లు. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం పీఎం2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న ధూళి) రోజు సగటు ఘన మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. సరిగ్గా 60 ఉన్న రోజున ఫిల్టర్ మీద పడేది 1,440 మైక్రోగ్రాములు, ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా కాదు. చేతి చెమట అంటినా, ఫిల్టర్ గదిలోని తేమ మారినా ఆ బరువు తారుమారవుతుంది. పింగాణీ పట్టకారుతో పట్టుకోవడం, తూచే ముందు ఒక రోజంతా ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో ఆరబెట్టడం, గాలి పీల్చని ఖాళీ ఫిల్టర్‌ను కూడా వెంట తీసుకెళ్లి తెచ్చి తూయడం, ఇవన్నీ కాలేజీ ల్యాబ్ పిల్లలు శ్రద్ధగా నేర్చుకున్నారు. వాళ్ల చేతి మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

కర్నూలు రోడ్డు

ఇప్పుడు అసలు సంగతి. స్కూలు గోడ మీది డబ్బా పీఎం2.5, పీఎం10 రెండూ ఇస్తోంది. రెండో అంకెను మొదటిదానితో భాగించి గ్రాఫు గీశాం. ఎప్పుడు చూసినా ఆ నిష్పత్తి ఒకటికి కొంచెం పైన, దాదాపు కదలకుండా ఉంది. టిప్పర్లు వరసకట్టిన మధ్యాహ్నం, ఆదివారం రాత్రి, వాన వెలిసిన పొద్దు, ఎప్పుడైనా అంతే. లాయర్‌పేటలోనూ అంతే. కొత్తపట్నం దారి పొలాల్లోనూ అంతే. నిజమైన గాలిలో ఇలా జరగదు. రోడ్డు దుమ్ము ఎక్కువున్న చోట పీఎం10 బరువులో సన్న కణాల వాటా సగానికంటే తక్కువ ఉండటం మామూలు. పొగ ఉన్న చోట ఆ వాటా పెరుగుతుంది. చోటు మారినా, గంట మారినా నిష్పత్తి మారకపోతే పీఎం10 అని వస్తున్నది కొలత కాదని అర్థం. సన్న కణాలను చూసి, వాటి వెంట ముతకవి ఇంత ఉండొచ్చని సెన్సర్ లోపలి లెక్క వేస్తున్న అంచనా అది. చవక సెన్సర్ డేటా చేతిలో ఉన్న ఎవరైనా ఎక్సెల్‌లో ఐదు నిమిషాల్లో ఈ పరీక్ష చేసుకోవచ్చు.

కారణం సెన్సర్ పుట్టుకలోనే ఉంది. ఇది బాగా చూడగలిగేది మైక్రాను, అంతకంటే చిన్న కణాలను. పొగ కణాలు సరిగ్గా ఆ కొలతలోవి. రాతి దుమ్ము ఎక్కువగా 2.5 నుంచి 10 మైక్రాన్ల మధ్య, అంతకు పైన కూడా. ఆ పెద్ద కణాలు బరువైనవి, చిన్న ఫ్యాన్ లాగుడుకు మలుపులు తిరిగి లోపలికి రావు. వచ్చిన కొన్నిటిని కూడా లేజర్ దారి సరిగా పట్టదు. పోయిన కణం ఒక్కటే కదా అనుకోవడానికి లేదు. వ్యాసం పదిరెట్లు పెరిగితే బరువు వెయ్యి రెట్లు పెరుగుతుంది. 10 మైక్రాన్ల రాతి కణం ఒకటి తప్పిపోతే, ఒక మైక్రాను కణాలు వెయ్యి తప్పిపోయినంత బరువు లెక్కలోంచి పోతుంది.

శాంప్లర్‌ను స్కూలు మేడ మీదికి మార్చి, పీఎం10 తల (10 మైక్రాన్ల లోపు కణాలనే లోపలికి వదిలే మూతి) బిగించి, వారంలో కొన్ని రోజులు నడిపాం. బరువులు తేలాక తేడా చాలా స్పష్టంగా కనిపించింది. డబ్బా చూపిన పీఎం10 కంటే ఫిల్టర్ మీద పడింది అన్ని పని దినాల్లోనూ చాలా ఎక్కువ. కొన్ని రోజులు రెట్టింపును దాటింది. లారీలు తగ్గిన ఆదివారాల్లో ఆ తేడా కుదించుకుపోయింది. లాయర్‌పేటలో అదే పని చేస్తే ఫిల్టర్‌కూ డబ్బాకూ తేడా కొద్దిదే. పీఎం2.5 విషయానికొస్తే, తేమ సవరణ తర్వాత రెండు చోట్లా డబ్బా, ఫిల్టర్ దగ్గర దగ్గరగా నిలిచాయి. అంటే సెన్సర్ అబద్ధం చెప్పలేదు. దాని కంటికి ఆనని దాన్ని గురించి మనం దాన్ని అడుగుతున్నాం.

తల్లిదండ్రుల సమావేశంలో గ్రాఫులు చూపించి ఉంటే ఈ మాట సగం మందికి ఎక్కేది కాదు. రెండు ఫిల్టర్లు పక్కపక్కన బల్ల మీద పెట్టాను. లాయర్‌పేటది మసి రంగులో ఉంది. స్కూలుది మట్టి బూడిద రంగులో, భూతద్దంలో చూస్తే గరుగ్గా ఉంది. ఒకావిడ చాలాసేపు చూసి, "ఇదేనా సార్ మా పిల్లోడి ముక్కులోకి పోయేది?" అని అడిగింది. అదేనమ్మా అన్నాను. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

తర్వాతి ప్రశ్న ఊపిరితిత్తుల్లో రాయి పట్టే జబ్బు గురించి, సిలికోసిస్ గురించి. ఇక్కడ చాలా జాగ్రత్తగా మాట్లాడాలి. సిలికోసిస్‌కు కారణం స్ఫటిక రూపంలోని సిలికా. గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అసలు గ్రానైట్‌లో ఉన్నంత క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా, అందులో ఉండదు. అలాగని రోడ్డు మీద లేచేదంతా గెలాక్సీ పొడి కాదు. కంకర, మట్టి, ఇసుక, పాలిషింగ్ యూనిట్ల నుంచి ఎండి లేచే స్లర్రీ (రాతి పొడి కలిసిన బురద), టైర్ల అరుగుదల అన్నీ కలిసి ఉంటాయి. దుమ్ములో ఏముందో మా డబ్బా చెప్పదు, ఫిల్టర్ బరువు కూడా చెప్పదు. దానికి ఫిల్టర్‌ను వేరే ల్యాబ్‌లో పరీక్షించాలి. ఇక క్వారీల్లో, కట్టింగ్ మిషన్ల దగ్గర రోజంతా పనిచేసే మనుషుల సంగతి రోడ్డు పక్క కొలతలతో ఎన్నటికీ తేలదు. వాళ్ల చొక్కా కాలర్‌కు తగిలించే శాంప్లర్‌తో, షిఫ్టు పొడవునా కొలవాలి. వాళ్ల ఊపిరితిత్తులకు పిల్లల కంటే ముందు ప్రమాదం. ఆ పని ఈ ప్రాజెక్టులో లేదు, ఉండాల్సిందని రిపోర్టులో రాశాను.

ఈ ఫలితాల తర్వాత నేను పెట్టిన షరతు ఒకటే. మా నెట్‌వర్క్ వెబ్ పేజీలోంచి పీఎం10 గడి మొత్తం తీసేయాలి. చూపించకపోతే అసంపూర్ణంగా ఉంటుందని, నగరం లెక్కంతా పీఎం10 మీదే నడుస్తోందని అభ్యంతరం వచ్చింది. సరిగ్గా అందుకే తీసేయాలని నా వాదన. రోడ్లు ఊడ్చే యంత్రాల పనితీరు మెరుగైందో లేదో, టిప్పర్లకు పట్టాలు కప్పించాక దుమ్ము తగ్గిందో లేదో ఎవరైనా ఈ చవక పీఎం10 అంకెతో తేల్చబోతే, తగ్గినా తగ్గకపోయినా అంకె కదలదు. మంచి పని చేసినవాళ్లకు గుర్తింపు రాదు, చేయనివాళ్లకు అడ్డూ ఉండదు. గడి తీసేశారు. పీఎం10 స్కూలు దగ్గర ఫిల్టర్‌తోనే కొలిచి, నెలకోసారి కాగితం మీద బోర్డుకు అంటిస్తున్నారు. ముతక కణాలను కూడా లెక్కపెట్టే ఓపీసీ (ఆప్టికల్ పార్టికల్ కౌంటర్) రకం సెన్సర్లు ఉన్నాయి. అవి ఖరీదు ఎక్కువ, కానీ ఇలాంటి రోడ్డుకు ఒకటైనా కొనమని సలహా ఇచ్చాను.

రాత్రి పొగ

రెండో ప్రశ్న దగ్గర చవక సెన్సర్లు వాటి విలువ చూపించాయి. పొగ వాటి సొంత మైదానం.

అన్ని చోట్లా పీఎం2.5 రోజులో రెండుసార్లు లేస్తుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య ఒకసారి, సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ఇంకోసారి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక పడిపోతుంది. చలికాలంలో నేల తొందరగా చల్లబడి, దాని మీది గాలి పొర మూత వేసినట్టు నిలిచిపోతుంది కాబట్టి రాత్రి పొగ పైకి పోలేదు. ఇంతవరకు ఏ ఊళ్లోనైనా ఇదే కథ.

వీధుల మధ్య తేడా తీయడానికి ఒక తేలిక పద్ధతి వాడాం. ప్రతి గంటకూ అన్ని డబ్బాల్లో తక్కువ చూపిన దాన్ని ఊరందరి ఉమ్మడి భాగంగా తీసుకుని, మిగతావాటిలోంచి తీసేశాం. మిగిలింది ఆ వీధిది. పాత బజారు దగ్గరి ఒక డబ్బాలో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత చిన్న చిన్న ముళ్లలాంటి ఎగుడులు కనిపించాయి, ఆదివారం తప్ప. షాపులు మూసే వేళ అది. వెళ్లి చూస్తే అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు పోగేసి అంటిస్తున్నారు. చెత్త బండి పొద్దునే వస్తుంది, రాత్రి దాకా అట్టలు షాపులో ఎక్కడ పెట్టుకోవాలని వాళ్ల బాధ. ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా శానిటరీ మేస్త్రికి ఆ గ్రాఫు చూపించాం. ఆయన అనుభవజ్ఞుడు, ఒక్క చూపులో అర్థం చేసుకున్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకు ఆ వీధికి ఒక తోపుడు బండి పంపే ఏర్పాటు చేశాడు. ఆ ముళ్లు చాలావరకు పోయాయి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చిన ఘట్టం ఇది. ఒక అంకె ఒక మనిషి చేతికి అందింది, ఆయన దానితో ఒక పని చేశాడు.

ఉమ్మడి భాగం సంగతి వేరు. జనవరి నుంచి మార్చి వరకు రాత్రుళ్లు అది కూడా పెరిగింది. పొలాల మధ్య ఉన్న డబ్బా కూడా ఊళ్లోవాటితో పాటే లేచింది. ఆ పొగ వీధిది కాదు, బయటిది. అది పొగాకు బ్యారన్లు నడిచే కాలం. టంగుటూరు, కొండపి చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్, సరుగుడు కట్టెలతో ఆకు మగ్గపెడతారు. చూడగానే బ్యారన్ల పొగే అనిపిస్తుంది. నేను అలా రాయలేదు. అదే కాలంలో చలి మూత కూడా గట్టిగా ఉంటుంది, ఊరి పొగే పైకి పోక పక్కలకు పరుచుకుని ఉండొచ్చు, చెత్త గుట్టల పొగ కూడా ఉంటుంది. కట్టె పొగ అని తేల్చాలంటే ఫిల్టర్‌లో లెవోగ్లూకోసాన్ లాంటి గుర్తు పదార్థాలు చూడాలి. అప్పు చేసి పంట పెట్టి, బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసుకునే రైతు మీద ఆధారం లేని వాక్యం ఒక్కటి కూడా పడకూడదు. రేపు ఎవరో దాన్ని చేత్తో పట్టుకుని ఆయన ముందుకు వెళతారు.

భోగి తెల్లవారుజాము మాకు ఇంకో రకంగా ఉపయోగపడింది. ఊరంతా ఒకేసారి మంటలు వేస్తారు కాబట్టి ప్రతి డబ్బా లేవాలి. ఒకటి లేవలేదు. విప్పితే ఫ్యాన్ ఆగిపోయి ఉంది. అంతకు ముందు కొన్ని రోజులుగా ఆ వీధి చాలా శుభ్రంగా ఉన్నట్టు చూపిస్తూ వచ్చిందది. ఆ రోజులన్నీ డేటాలోంచి తీసేశాం.

వెబ్ పేజీలో ఇప్పుడు నిమిషం నిమిషానికి రంగులు మారవు. మన ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) లెక్కకు 24 గంటల సగటు కావాలి, అందులో కనీసం 16 గంటల డేటా ఉండాలి. నిమిషం అంకెను ఏక్యూఐగా మార్చి ఎర్ర రంగు చూపిస్తే జనం భయపడతారు, ఆకుపచ్చ చూపిస్తే ధీమా పడతారు. రెంటికీ ఆధారం లేదు. గంట సగటును మామూలు గీతగా, రోజు సగటును ప్రమాణం పక్కన పెట్టి చూపిస్తున్నాం. ఆ గీత పక్కనే మన 60తో పాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 15 కూడా గీశాం. డాక్టర్లు అడిగి మరీ పెట్టించారు.

స్కూలు వాళ్లు ప్రార్థనను రోడ్డు వైపు ఆవరణ నుంచి వెనక గ్రౌండ్‌కు మార్చారు. రోడ్డు వైపు గదుల్లో గచ్చు పొడి చీపురుతో ఊడవడం మాని తడిగుడ్డ పెడుతున్నారు. రోడ్డు అంచుల్లో పేరుకున్న దుమ్ము ఎత్తించడం, పట్టా కప్పని టిప్పర్లను ఆపడం తల్లిదండ్రులు అర్జీలో రాసి ఇచ్చారు. ఫిల్టర్ బరువుల పట్టిక ఆ అర్జీకి జత చేశాం, సెన్సర్ పీఎం10 ఒక్కటి కూడా చేర్చలేదు.

శాంప్లర్ అద్దెకు డబ్బు వచ్చే వేసవి దాకా ఉంది. మే నెల పడమటి గాలిలో, తేమ లేని రోజుల్లో, చీమకుర్తి వైపు నుంచి వచ్చే దుమ్మును స్కూలు మేడ మీద, దానికి తూర్పున ఇంకో మేడ మీద ఒకే రోజు కొలవాలని ప్రణాళిక. నెలవారీ దులపడం, తిరిగే డబ్బాను చోటు మార్చడం కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన తన పనిగా తీసుకున్నాడు. సెన్సర్ల జత మార్చాల్సిన తేదీలు ప్రతి డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి ఉన్నాయి.